నాకు ఈ పని వచ్చు



మాది గిద్దలూరు వైపు, నల్లమల అంచున ఒక పల్లెటూరు. వాన కురిస్తే పంట, లేకపోతే లేదు. మా వైపు తెల్లవారకముందే ఒక కుర్రాడు రోడ్డు వెంట పరుగెత్తుతూ కనిపిస్తే ‘ఎక్కడికిరా?’ అని ఎవరూ అడగరు. మిలటరీ సెలక్షన్‌కు తయారవుతున్నాడని అందరికీ తెలుసు. నేనూ అలాగే పరుగెత్తాను. 19వ ఏట సైన్యంలో చేరాను. సికింద్రాబాదు ఈఎంఈ సెంటర్లో శిక్షణ పొందాను. ఈఎంఈ అంటే సైన్యం వాడే బండ్లకూ యంత్రాలకూ ఆయుధాలకూ మరమ్మతులు చేసే విభాగం. నాది వెహికల్ మెకానిక్ ట్రేడు. 24 ఏళ్లు చేసి హవల్దారుగా ఇంటికి వచ్చాను.

వచ్చిన రోజు కళ్లకు కట్టినట్టు గుర్తుంది. గిద్దలూరు స్టేషన్లో నల్ల ట్రంకు పెట్టె దించుకున్నాను. పెట్టె మీద తెల్ల రంగుతో నా నంబరు, ర్యాంకు, పేరు. ఊళ్లో దండలు వేశారు, స్వీట్లు పంచారు. మొదటి నెల చుట్టాల ఇళ్లలో భోజనాలు. రెండో నెల ‘ఇంకేముంది, పెన్షన్ తింటూ కాలు మీద కాలేసుకుని కూర్చో’ అన్నారు. మూడో నెల ఒకరోజు తెల్లవారుజామున నాలుగింటికి లేచాను. గడ్డం గీసుకున్నాను. బూట్లు పాలిష్ చేసుకున్నాను. వేసుకుని ఎక్కడికి వెళ్లాలో తెలియలేదు. వచ్చి అరుగు మీద కూర్చున్నాను. అప్పటికి నాకు 43 ఏళ్లు. మా అమ్మాయి ఇంటర్మీడియట్, అబ్బాయి ఎనిమిదో తరగతి.

ఆ అరుగు మీద కూర్చున్న మనిషిని లేపి మళ్లీ పనిలోకి ఎలా పంపాలి? అందులో ఇంటివాళ్లుగా, ఊరివాళ్లుగా, పని ఇచ్చే యజమానులుగా మనం ఏం చేయగలం? ఇవాళ మీతో ఈ విషయమే మాట్లాడాలని వచ్చాను.

రక్షణ శాఖ చెప్పే లెక్క ప్రకారం మన త్రివిధ దళాల నుంచి ఏటా సుమారు 60,000 మంది బయటికి వస్తున్నారు. వాళ్లలో ఎక్కువమంది 35, 45 ఏళ్ల మధ్య వయసువాళ్లు. సైన్యం ఎప్పుడూ పడుచుగా ఉండాలి. కొండలెక్కాలి, మంచులో కాపలా కాయాలి, చెప్పిన వెంటనే కదలాలి. అందుకే సిపాయిలు, నాయక్‌లు, హవల్దార్లు మిగతా ఉద్యోగుల కంటే ఎంతో ముందుగా విరమిస్తారు. 15 ఏళ్ల సర్వీసు నిండితే పెన్షన్ వస్తుంది, నిజమే. కానీ ఆ వయసులోనే ఇంట్లో ఫీజులు మొదలవుతాయి, అమ్మానాన్నలకు వైద్యం అవసరమవుతుంది, ఇల్లు కట్టుకోవాలన్న కోరిక పుడుతుంది. డబ్బు సంగతి పక్కన పెట్టినా, రెండు దశాబ్దాలు క్షణం తీరిక లేకుండా బతికిన మనిషికి రేపు ఏం చేయాలో తెలియకపోవడం పెద్ద శిక్ష.

నేను ఉద్యోగం కోసం హైదరాబాదు వెళ్లాను. పెద్ద వాహనాల సర్వీసు సెంటరు ఒకటి ఉంటే, అక్కడ ఇంటర్వ్యూ. నా ఎదురుగా కూర్చున్న అబ్బాయికి ముప్పై ఏళ్లు ఉంటాయేమో. మర్యాదగానే అడిగాడు: ‘మీరు ఏం చేయగలరండీ?’ నేను నిటారుగా కూర్చుని, ‘ఏ పని ఇచ్చినా చేస్తాను సార్’ అన్నాను. ఆయన నవ్వి, కబురు చేస్తామన్నాడు. కబురు రాలేదు. రెండో చోటా అదే ప్రశ్న, అదే జవాబు. మూడో చోటా అంతే.

చివరికి ఒక లారీల షెడ్డు దగ్గర సెక్యూరిటీ గార్డుగా చేరాను. రాత్రి డ్యూటీ. లారీ వచ్చి హారన్ కొడితే గేటు తీయాలి, నంబరు రిజిస్టరులో రాయాలి. గేటు తీస్తూ ఇంజను చప్పుడు వింటుంటే, ఏ లారీలో ఇంజెక్టర్ సరిగ్గా పనిచేయడం లేదో, దేనికి క్లచ్ అరిగిపోయిందో నాకు తెలిసిపోయేది. నంబరు రాసుకుని గేటు మూసేవాణ్ణి. ఐదు నెలలు అలా గడిచాయి. నా చేతిలో ఉన్న విద్య ఆ షెడ్డులో ఎవరికీ తెలియదు. తప్పు వాళ్లది కాదు. నేను చెప్పలేదు.

సెలవు మీద ఇంటికి వచ్చినప్పుడు మా ఆవిడకు ఇదంతా చెప్పాను. ఆవిడ అంగన్‌వాడీ టీచరు. ప్రతి పనినీ రిజిస్టరులో ఎక్కించడం ఆవిడకు అలవాటు. మా అబ్బాయి పాత నోటుబుక్కులో ఖాళీ పేజీలు తీసి, ‘ఏమండీ, పొద్దున లేచింది మొదలు అక్కడ మీరు ఏం చేసేవారో చెప్పండి, నేను రాస్తాను’ అంది. ‘రాయడానికేముంది, డ్యూటీ చేసేవాణ్ణి’ అన్నాను. ‘డ్యూటీ అంటే ఏమిటి?’ అంది. అప్పుడు ఒక్కొక్కటే బయటికి వచ్చింది. మా వర్క్‌షాప్ కింద 70 బండ్లు ఉండేవని చెప్పాను. నా కింద 11 మంది కుర్రాళ్లు పనిచేసేవారని చెప్పాను. లేహ్ చలికాలంలో డీజిల్ గడ్డకట్టే చోట తెల్లవారేసరికి కాన్వాయ్ మొత్తాన్ని స్టార్ట్ చేసి నిలబెట్టేవాళ్లమని చెప్పాను. ఆవిడ రాస్తూ రాస్తూ ఆగి, ‘బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందని సంతకం ఎవరు పెట్టేవారు?’ అని అడిగింది. ‘నేనే’ అన్నాను. కలం కింద పెట్టింది. ‘70 బండ్ల మీద సంతకం పెట్టిన మనిషి, ఏ పనైనా చేస్తాను అంటే ఎట్లా? నాకు ఈ పని వచ్చు అని చెప్పండి.’

శ్రోతలారా, 24 ఏళ్ల సర్వీసులో నేను ఎన్నో శిక్షణలు తీసుకున్నాను. ఆ రాత్రి మా వంటింటి దీపం కింద జరిగినంత గొప్ప శిక్షణ మరొకటి లేదు. మరుసటి నెల చీమకుర్తి వైపు గ్రానైట్ రాళ్లు మోసే లారీల యజమాని ఒకాయన దగ్గరికి వెళ్లాను. ‘అయ్యా, బరువు బండ్లను నడిచే స్థితిలో ఉంచడం నాకు వచ్చు. 70 బండ్లు చూసుకున్నాను’ అన్నాను. ఆయన మారు మాట్లాడకుండా నన్ను షెడ్డులోకి తీసుకెళ్లి, మూడు రోజులుగా మొరాయిస్తున్న లారీ చూపించాడు. సాయంత్రానికి అది రోడ్డెక్కింది. ఆ షెడ్డులో ఫోర్‌మన్‌గా తొమ్మిదేళ్లు పనిచేశాను.

‘ఏ పనైనా చేస్తాను’ అన్న మాట సైన్యంలో చాలా విలువైన మాట. ఆజ్ఞ వచ్చాక ఇది నా పని కాదు అని మా నోట రాదు. వరదలొస్తే పడవ లాగుతాం, మంచు పడితే పార పడతాం. అదే మాట బయట ఉద్యోగం ఇచ్చేవాడి చెవిలో పడితే, ఈయనకు ప్రత్యేకంగా ఏ పనీ రాదు అన్నట్టు వినిపిస్తుంది. మాట ఒకటే, అర్థం తలకిందులైపోయింది. అందుకే మాజీ సైనికుడికి మనం చేయగల మొదటి సాయం, అతని పనికి బయటి లోకపు పేరు పెట్టడం.

మా ఊళ్లో ప్రతి ఆదివారం ఇప్పుడు ఈ పనే చేస్తున్నాం. కొత్తగా పెన్షన్ వచ్చినవాళ్లు మా అరుగు మీదికి వస్తారు. ఒకసారి పక్క ఊరి తమ్ముడు ఒకడు వచ్చాడు. 17 ఏళ్ల సర్వీసు. ‘ఏం ట్రేడు తమ్ముడూ?’ అన్నాను. తల వంచుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు వినకుండా, ‘కుక్ అన్నా’ అన్నాడు. ఆ సంగతి ఊళ్లో ఎవరికీ చెప్పలేదట. పెళ్లిచూపుల్లో కూడా మిలటరీ అని మాత్రమే చెప్పారట. యుద్ధం కథలు చెప్పమని పిల్లలు అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియక బయట తిరిగేవాడట.

‘ఎంతమందికి వండేవాడివి?’ అని అడిగాను. 120 మందికి అన్నాడు. ఎక్కడ? 14,000 అడుగుల ఎత్తున ఉన్న పోస్టులో. అక్కడ గాలి పలచన. నీళ్లు సుమారు 86 డిగ్రీల దగ్గరే మరిగిపోతాయి. అందుకని మామూలు గిన్నెలో పప్పు ఎంతసేపు పెట్టినా ఉడకదు. రాత్రే నానబెట్టాలి, ప్రెషర్ కుక్కర్లోనే వండాలి, కిరోసిన్ స్టవ్ మంట తగ్గకుండా చూసుకోవాలి. దారి మూసుకుపోయిన నెలల్లో రేషన్ మళ్లీ ఎప్పుడొస్తుందో తెలియదు. ఉన్న బియ్యం, పప్పు, నూనె అన్ని రోజులకూ సరిపెట్టాలి. ఆ పోస్టులో ఒకరి కడుపు చెడిందంటే ఒక కాపలా తగ్గినట్టే. ‘ఎప్పుడైనా అలా జరిగిందా?’ అన్నాను. తల ఎత్తాడు. ‘నా వంట తిని ఒక్కడు కూడా మంచం పట్టలేదన్నా’ అన్నాడు.

ఆ మాట చెప్పేటప్పుడు అతని గొంతు మారింది. మా ఆవిడ చకచకా రాసింది. పెద్ద సంఖ్యలో మనుషులకు మూడు పూటలా భోజనం. సరుకుల నిల్వ, లెక్క. వంటశాల శుభ్రత. నలుగురు సహాయకుల పర్యవేక్షణ. ఇవన్నీ రాస్తే వంటవాడు అన్న ఒక్క మాట కేటరింగ్ సూపర్‌వైజర్ అయింది. అందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఇన్నాళ్లూ చేసిన పనినే బయటి మనిషికి అర్థమయ్యే మాటల్లో చెప్పుకున్నాం.

ఇలా ప్రతి ట్రేడుకూ బయట ఒక తోడు ఉంది. సిగ్నల్స్‌లో పనిచేసినవాడికి కేబుళ్లు, రేడియో సెట్లు, ఎక్స్ఛేంజీలు తెలుసు; టెలికాం కంపెనీకి అతను కావాలి. ఇంజనీర్స్ దళంలో డోజర్ నడిపినవాడు రోడ్డు పనుల కాంట్రాక్టరుకు కావాలి. విశాఖలో నౌకల ఇంజన్ గదుల్లో ఏళ్ల తరబడి పనిచేసిన నావికుడు ఏ విద్యుత్ కేంద్రంలోనైనా టర్బైన్, బాయిలర్, పంపుల మధ్య కొత్తవాడిలా ఉండడు. సైన్యం సామగ్రిని చూసుకునే ఆర్డ్‌నెన్స్ విభాగంలో స్టోర్‌కీపర్‌గా చేసినవాడు వేల రకాల విడిభాగాలను లెడ్జరులో తేడా రాకుండా నడిపి వస్తాడు. ఇవాళ మన ఊళ్ల చుట్టూ లేస్తున్న గోదాములన్నింటికీ అలాంటి మనిషే కావాలి. యూనిట్ ఆఫీసులో క్లర్కుగా చేసినవాడు జీతాలు, సెలవులు, ఫైళ్లు అన్నీ చూసి ఉంటాడు. సైన్యంలోని ఏ ట్రేడు బయటి ఏ వృత్తికి సమానమో కేంద్రమే పట్టికలు తయారు చేసి ఉంచింది. ఆ పట్టిక ఒకటి ఉందని మాలో చాలామందికి తెలియదు.

సెక్యూరిటీ ఉద్యోగం చిన్నదని నేను అనడం లేదు. నిజాయితీగా కాపలా కాయడం గౌరవమైన పని. మాజీ సైనికులు నడిపే సెక్యూరిటీ సంస్థలను గుర్తించే పథకం కేంద్రం దగ్గర ఉంది, దానివల్ల ఎన్నో కుటుంబాలు బతుకుతున్నాయి. ఇష్టపడి చేసేవాళ్లకు నమస్కారం. కానీ ఇంజను చప్పుడు వింటే జబ్బు చెప్పగలిగిన మనిషి, తనని ఎవరూ అడగలేదు కాబట్టి, తాను చెప్పలేదు కాబట్టి గేటు దగ్గర మిగిలిపోతే అది అతనికీ నష్టం, దేశానికీ నష్టం.

ఇప్పుడు కాస్త కాగితం, కలం దగ్గర పెట్టుకోండి. మాజీ సైనికులకు ఉన్న సదుపాయాలు కొన్ని చెబుతాను.

రక్షణ శాఖలో మాజీ సైనికుల సంక్షేమానికి 2004 నుంచి ప్రత్యేక విభాగం ఉంది. దాని కింద డైరెక్టరేట్ జనరల్ రీసెటిల్‌మెంట్ పనిచేస్తుంది. మేం డీజీఆర్ అంటాం. సర్వీసులో ఉండగానే, బయటికి వచ్చే ముందు శిక్షణ ఇప్పించడం దాని ముఖ్యమైన పని. అధికారులకు ఐఐఎంల వంటి చోట ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు, జవాన్లకూ జూనియర్ కమిషన్డ్ అధికారులకూ రకరకాల వృత్తి కోర్సులు ఉంటాయి. ఇక్కడే ఒక మాట. సర్వీసులో ఉన్న తమ్ముళ్లు ఎవరైనా సెలవు మీద ఇంట్లో ఉండి ఈ ప్రసంగం వింటుంటే, దయచేసి చివరి రెండేళ్లను ఇందుకోసం వాడుకోండి. ఇంటికి వచ్చాక చూద్దాంలే అనుకున్నవాళ్లే ఎక్కువగా అరుగు మీద కూర్చుంటున్నారు.

జిల్లా కేంద్రంలో సైనిక సంక్షేమ కార్యాలయం ఉంటుంది. డిశ్చార్జి పుస్తకం, పెన్షన్ కాగితం, చదువు సర్టిఫికెట్లు పట్టుకుని వెళ్లి పేరు నమోదు చేసుకోండి. అక్కడ పేరు లేకపోతే మీరు ఉన్నారన్న సంగతే ఎవరికీ తెలియదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల్లో మాజీ సైనికులకు గ్రూప్ సి లో 10 శాతం, పూర్వపు గ్రూప్ డి లో 20 శాతం రిజర్వేషన్ ఉంది. ప్రభుత్వ రంగ సంస్థల్లో, జాతీయ బ్యాంకుల్లో గ్రూప్ సి లో 14.5 శాతం, గ్రూప్ డి లో 24.5 శాతం ఉంది. యుద్ధంలో అంగవైకల్యం పొందినవారికి, ప్రాణాలు కోల్పోయినవారి కుటుంబాలకు ఇచ్చే 4.5 శాతం ఈ లెక్కలోదే. బ్యాంకు కౌంటరు వెనుక చక్కగా కత్తిరించిన జుట్టుతో, నిటారుగా కూర్చుని పనిచేసే పెద్దమనిషిని మీరు చూసే ఉంటారు. చాలాసార్లు ఆయన మావాడే.

వయసు దాటిపోయిందని భయపడేవాళ్లు ఈ లెక్క వినండి. కేంద్రం గ్రూప్ సి ఉద్యోగాలకు మీ అసలు వయసులోంచి సైన్యంలో చేసిన సర్వీసు తీసేయాలి. మిగిలినది, ఆ ఉద్యోగానికి పెట్టిన గరిష్ఠ వయసు మీద 3 ఏళ్లకు మించి ఉండకూడదు. ఒకాయనకు 42 ఏళ్లు, సర్వీసు 22 ఏళ్లు అనుకుందాం. 42లో 22 పోతే 20. ఉద్యోగానికి గరిష్ఠ వయసు 27. ఆయన నిక్షేపంగా దరఖాస్తు చేసుకోవచ్చు. 42 ఏళ్లవాణ్ణి నాకెవరిస్తారు అనుకుంటూ కూర్చున్న మనిషి, ఈ లెక్కలో 20 ఏళ్ల కుర్రాడు.

డిగ్రీ లేదని వెనక్కి తగ్గేవాళ్లకు ఇంకో మాట. పదో తరగతి పాసై, 15 ఏళ్లకు తగ్గకుండా సర్వీసు చేసిన మాజీ సైనికుడు, డిగ్రీ అడిగే గ్రూప్ సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు కేటాయించిన ఖాళీలకు అర్హుడే. అయితే సాంకేతిక అనుభవం, వృత్తి అనుభవం తప్పనిసరి అని ఉన్న ఉద్యోగాలకు ఇది వర్తించదు.

జాగ్రత్త కూడా ఒకటి చెప్పాలి. ఈ రిజర్వేషన్ ఉపయోగించుకుని ఒక సివిల్ ఉద్యోగంలో చేరితే, మామూలుగా తర్వాతి ఉద్యోగానికి మళ్లీ వాడుకోవడం కుదరదు. కానీ చేరకముందే వేరే ఉద్యోగాలకు కూడా దరఖాస్తు చేసి ఉంటే, వాటికి హక్కు పోదు. 2014లో ఇచ్చిన ఉత్తర్వు ప్రకారం, చేరిన వెంటనే ఆ దరఖాస్తుల వివరాలు తేదీలతో సహా కొత్త ఆఫీసులో రాసి ఇవ్వాలి. ఆ ఒక్క కాగితం ఇవ్వక, వచ్చిన మంచి అవకాశం చేజారితే ఎంత బాధ! కాబట్టి ఏ రోజు ఏ ఉద్యోగానికి దరఖాస్తు పెట్టారో ఒక పుస్తకంలో రాసుకోండి.

ఇన్ని సదుపాయాలు ఉన్నా ఈ కోటాలో చాలా ఖాళీలు నిండకుండానే మిగిలిపోతున్నాయి. కారణం, పరీక్ష రాయడం మాకు అలవాటు తప్పిపోతుంది. పదో తరగతి లెక్కలు మరిచిపోయి ఇరవై ఏళ్లవుతుంది. మా వైపు డిగ్రీ చదివి పరీక్షలకు తయారవుతున్న పిల్లలను నేను ఒక కోరిక కోరాను: ‘నాయనా, మీతోపాటు ఈ మామయ్యలను కూడా కూర్చోబెట్టుకోండి.’ పిల్లలు శాతాలు, వడ్డీ లెక్కలు నేర్పుతారు. వీళ్లు పిల్లలకు పరుగు, క్రమశిక్షణ నేర్పుతారు. ఇద్దరికీ లాభమే.

ఇంటి సంగతి కూడా చెప్పుకోవాలి. సైనికుడి భార్య ఏళ్ల తరబడి ఒంటిచేత్తో సంసారం నడిపి ఉంటుంది. గ్యాస్ బుకింగ్ నుంచి పొలం కౌలు వరకు, పిల్లల జ్వరం నుంచి అత్తగారి ఆపరేషన్ వరకు అన్నీ ఆమెకే తెలుసు. ఆయన ఏడాదికి రెండు నెలల సెలవులో వచ్చిపోయే చుట్టంలా ఉండి, ఒక్కసారిగా వచ్చి ‘ఈ ఇంట్లో టైము లేదు, పద్ధతి లేదు’ అంటే ఆమె మనసు ఎలా ఉంటుంది? నేనూ ఆ తప్పు చేశాను. అబ్బాయి దుప్పటి సరిగ్గా మడవలేదని కేకలేశాను. వాడు నాతో రెండు వారాలు మాట్లాడలేదు. తమ్ముళ్లారా, ఇంటికి వచ్చాక మొదటి ఆరు నెలలు ఆవిడ దగ్గర శిష్యరికం చేయండి. బయటి ప్రపంచం మీకంటే ఆమెకు బాగా తెలుసు.

చేతికి వచ్చే డబ్బు విషయంలో కూడా ఆమె మాట వినండి. గ్రాట్యుటీ, పెన్షన్‌లో కొంత భాగం ముందే ఇచ్చే కమ్యుటేషన్, ఫండ్ కలిపి జీవితంలో మొదటిసారి పెద్ద మొత్తం ఒక్కసారి ఖాతాలో పడుతుంది. ఆ వార్త మీకంటే ముందే కొందరికి తెలుస్తుంది. ఉద్యోగం గ్యారంటీ అంటూ లక్షలు అడిగేవాళ్లు వస్తారు. నాతోపాటు పనిచేసిన ఒకాయన అలాంటి మాట నమ్మి సగం డబ్బు పోగొట్టుకున్నాడు. నిజమైన ఉద్యోగానికి డబ్బు కట్టమని ఎవరూ అడగరు. మొదటి ఏడాది ఆ మొత్తాన్ని కదిలించకండి.

యజమానులకు, కంపెనీల్లో ఇంటర్వ్యూ చేసేవాళ్లకు ఒక విన్నపం. మీ ముందు కూర్చున్న మాజీ సైనికుడు తన గురించి గొప్పలు చెప్పుకోడు. నేను చేశాను అనడం కంటే మేం చేశాం అనడం అతనికి అలవాటు. ‘మీరు ఏం చేయగలరు?’ అని అడిగి వదిలేయకండి. ‘మీ కింద ఎంతమంది ఉండేవారు? ఏయే యంత్రాలు చూసుకున్నారు? పని చెడితే ఎవరు జవాబు చెప్పాలి?’ అని అడగండి. అప్పుడు మనిషి కనిపిస్తాడు. చేరిన కొత్తలో అతనికి ఒక ఇబ్బంది ఉంటుంది. సైన్యంలో ఎవరి ఆజ్ఞ ఎవరు పాటించాలో భుజం మీద పట్టీ చూస్తే తెలుస్తుంది. ఆఫీసులో అలాంటి గుర్తులేవీ ఉండవు. మొదటి మూడు నెలలు ఎవరిని ఏం అడగాలో చెప్పే ఒక సహోద్యోగిని తోడు ఇవ్వండి. ఆ తర్వాత అతను మీకు తోడుగా ఉంటాడు.

ఇక మన ముందుకు వస్తున్న కొత్త బాధ్యత అగ్నివీరులు. 2022 జూన్‌లో కేంద్రం అగ్నిపథ్ పథకం ప్రకటించింది. నాలుగేళ్ల సర్వీసు. ఆ తర్వాత 25 శాతం వరకు సైన్యంలో కొనసాగుతారు, మిగతావాళ్లు ఇంటికి వస్తారు. 2022 చివర, 2023 మొదట్లో చేరిన తొలి బ్యాచ్‌ల నాలుగేళ్లు 2026 చివరి నుంచి పూర్తవుతాయి. వీళ్లకు సేవానిధి కింద ఒక మొత్తం వస్తుంది. ప్రకటించినప్పుడు అది వడ్డీతో సుమారు 11.71 లక్షల రూపాయలు. పెన్షన్ ఉండదు. పథకం షరతుల ప్రకారం మాజీ సైనికుడు అన్న హోదా కూడా ఉండదు. కాబట్టి నేను ఇందాక చెప్పిన లెక్కలు చాలావరకు వాళ్లకు పనికిరావు. కేంద్ర సాయుధ పోలీసు దళాల్లో, అస్సాం రైఫిల్స్‌లో వాళ్లకు ప్రత్యేక కోటా ఉంది. సర్వీసులో నేర్చిన నైపుణ్యానికి సగం క్రెడిట్లు ఇచ్చే డిగ్రీని సార్వత్రిక విశ్వవిద్యాలయం ఇగ్నో రూపొందించింది.

వాళ్లు వచ్చేది ఇరవైల వయసులోనే. మాకు ఉన్న పెన్షన్ ఆసరా వాళ్లకు లేదు. మాకు లేని వయసు వాళ్లకు ఉంది. ఆ వయసులో మళ్లీ చదువుకోవచ్చు, ఐటీఐలో చేరవచ్చు, కొత్త పని నేర్చుకోవచ్చు. ఊరి పెద్దలారా, ఆ పిల్లలు తిరిగి వచ్చినప్పుడు ‘తీసేశారంటగా’ అన్న మాట ఎవరి నోటా రాకుండా చూడండి. ఆ ఒక్క మాట నాలుగేళ్ల కష్టాన్ని బూడిద చేస్తుంది. వాళ్లు గడువు పూర్తి చేసి వచ్చారు. దేశానికి ఇచ్చిన మాట నిలబెట్టుకుని వచ్చారు.

తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధం నాటి నుంచి ఆ ఊరి బిడ్డలు తరం తర్వాత తరం సైన్యంలో చేరుతున్నారు. అసువులు బాసినవారి జ్ఞాపకంగా అక్కడ స్థూపం కట్టుకున్నారు. పోయినవాళ్లను మరిచిపోకూడదని ఆ ఊరు మనకు నేర్పింది. తిరిగి వచ్చినవాళ్లను గుర్తించడం కూడా మనం నేర్చుకోవాలి. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేనాటికి భారత సైన్యంలో దాదాపు 25 లక్షల మంది ఉన్నారు. యుద్ధం అయిపోయాక వాళ్లలో చాలామంది మన ఊళ్లకు మళ్లీ నడిచి వచ్చారు. కొందరు డ్రైవర్లయ్యారు, కొందరు మెకానిక్కులయ్యారు. ఎంతమంది తమకు వచ్చిన పని ఎవరికీ చెప్పకుండానే కాలం చేశారో!

ఆ కుక్ తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. ఒక ఇంజనీరింగ్ కాలేజీ హాస్టల్ మెస్‌కు మనిషి కావాలంటే వెళ్లాడు. అక్కడి పెద్దలు ఐదుగురు కూర్చుని, ‘నీకు అనుభవం ఏముంది?’ అన్నారట. ‘సార్, 14,000 అడుగుల ఎత్తున 120 మందికి రోజూ మూడు పూటలా వండాను. ఒక్కరికీ కడుపు చెడలేదు. నాకు ఈ పని వచ్చు’ అన్నాడట. ఇప్పుడు ఆ హాస్టల్లో 600 మంది పిల్లలు తింటున్నారు. పోయిన సంక్రాంతికి భార్యాబిడ్డలతో మా ఇంటికి వచ్చాడు. వాళ్ల చిన్నమ్మాయి మా అరుగు మీద పిల్లలకు కథ చెబుతోంది: ‘మా నాన్న ఉన్న కొండ మీద పప్పు ఉడకదు తెలుసా? మా నాన్న ఉడికించాడు.’

నా నల్ల ట్రంకు పెట్టె ఇప్పటికీ ఉంది. మీద తెల్ల రంగు కాస్త వెలిసింది. లోపల మా ఆవిడ రాసిన నోటుబుక్కు ఉంది. నాతో మొదలైన ఆ పుస్తకంలో ఇప్పుడు చాలామంది పేర్లు, వాళ్ల ట్రేడ్లు, వాళ్లకు వచ్చిన పనులు ఉన్నాయి. మీ ఊళ్లో కూడా అలాంటి పుస్తకం ఒకటి మొదలుపెట్టండి. మీ వీధిలోకి ఒక సైనికుడు తిరిగి వచ్చినప్పుడు దండ వేయండి, మిఠాయి పెట్టండి. ఆ తర్వాత పక్కన కూర్చుని, ‘నాయనా, అక్కడ నువ్వు ఏం పని చేసేవాడివి?’ అని అడగండి. ‘డ్యూటీ’ అంటాడు. అక్కడితో ఆగకండి. ‘డ్యూటీ అంటే ఏమిటి?’ అని రెండోసారి అడగండి. ఓపిగ్గా వినండి. వీలైతే రాసిపెట్టండి.